పాత మోటార్‌హోమ్‌కి నాలుగు కాళ్లు

మా మోటార్‌హోమ్‌లో, అంటే మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ ఉన్న ఇల్లులాంటి బండిలో, బాత్రూం తలుపుకి గొళ్లెం సరిగ్గా పడదు. కొన్న రోజు నుంచీ అంతే. బండి ఎడమకి ఒరిగితే ఆ తలుపు తనంతట తానే తెరుచుకుని పక్కనున్న అలమరకి కొట్టుకుంటుంది. కుడికి ఒరిగితే మూసుకుపోయి, తెరవబోతే మొరాయిస్తుంది. అర్ధరాత్రి టప్పుమన్న చప్పుడుకి మా ఆవిడ లేచి కూర్చుని, "ఏమండీ, మీ దిమ్మలు మళ్లీ కుంగాయి" అనేది. దిమ్మలంటే టైర్ల కింద పెట్టే చెక్క దిమ్మలు. ఏడేళ్లు వాటితోనే నెట్టుకొచ్చాం.

బండి 1996లో తయారైంది. మేం కొనేనాటికే దానికి నడివయసు దాటింది. ఎక్కడ ఆపినా ఒకటే తంతు. తను లోపల పొయ్యి గట్టు మీద రసమట్టం పెట్టి బుడగ చూస్తూ నిలబడుతుంది. నేను కింద దిమ్మలు పేర్చి, ఎక్కి బండి అంగుళం అంగుళం ముందుకి పోనిస్తాను. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగండి, ఆగండాగండి" అనేసరికి చక్రం దిమ్మ దాటి అవతల పడేది. వెనక ఒక్కో పక్కన రెండేసి టైర్లు జంటగా ఉంటాయి కాబట్టి దిమ్మ రెంటికీ పట్టేంత వెడల్పు ఉండాలి. ఒక్క టైరు కిందే పెడితే ఆ పక్క బరువంతా దాని మీదే పడుతుంది. ఇవన్నీ వానలో, చీకట్లో, టార్చిలైటు నోట్లో కరిచిపట్టుకుని చేసుకున్న పనులు. మొన్నామధ్య నడుం పట్టేశాక ఇక చాలనిపించింది. దిమ్మల బదులు చట్రానికే నాలుగు హైడ్రాలిక్ జాకీలు బిగిద్దామనుకున్నాను, స్విచ్ నొక్కితే పంపు తోసే ఆయిల్ ఒత్తిడితో దిగి బండిని ఎత్తి మట్టం చేసేవి.

నిద్ర, తలుపు సంగతి అలా ఉంచితే అసలు భయం ఫ్రిజ్ గురించి. మాది గ్యాస్ మీద నడిచే పాతకాలం అబ్సార్ప్షన్ ఫ్రిజ్. ఇంట్లో ఫ్రిజ్‌లా దానికి కంప్రెసర్ ఉండదు. కింద చిన్న మంట. ఆ వేడికి నీళ్లలో కలిసున్న అమ్మోనియా ఆవిరై పైకి పోయి, చల్లబడి ద్రవమై, లోపల వేడిని లాక్కుని, మళ్లీ నీళ్లలో కలిసి కిందికి జారుతుంది. తోసే పంపు లేదు, అంతా వాలు మీదే నడుస్తుంది. బండి ఒక పక్కకి ఒరిగి గంటల తరబడి నిలబడిపోతే ద్రవం ఎక్కడో ఒక మలుపులో ఆగిపోతుంది, కింద బాయిలర్ ఎండిపోయి మాడుతుంది. గొట్టాలు తుప్పు పట్టకుండా అందులో కలిపే సోడియం క్రోమేట్ గట్టిపడి దారి మూసేస్తుంది. అలా అయితే ఇక దాన్ని బాగుచేయడం ఉండదు. మా ఫ్రిజ్ పుస్తకంలో పక్కవాటంగా 3 డిగ్రీలు, ముందువెనకలుగా 6 డిగ్రీలు మించి వాలకూడదని ఉంది. నడుస్తున్నప్పుడు పరవాలేదు, కుదుపులకి ద్రవం ఎటూ నిలవదు. ఆపినప్పుడే చిక్కంతా.

3 డిగ్రీలంటే ఎంతో అనుకోకండి. రెండు మీటర్ల వెడల్పుకి పదిన్నర సెంటీమీటర్లు. మామూలుగా చదునుగా కనబడే చోట్లలో కూడా అంత తేడా సులువుగా ఉంటుంది.

నేను 22 ఏళ్లు ఇనప రేకుల్ని నొక్కి మలిచే ప్రెస్ షాపులో హైడ్రాలిక్ మెయింటెనెన్స్ చేశాను. అందుకే జాకీలు, పంపు, హోస్ పైపులు అంటే నాకు బెరుకు లేదు. 1795లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నప్పటి నుంచీ లెక్క మారలేదు. సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లయితే వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. పంపు 200 బార్ ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 200 కిలోలు, ఇస్తే ఆ ఒక్క జాకీ దాదాపు 4 టన్నులు ఎత్తుతుంది. కాగితం మీద రెండు నిమిషాల్లో తేలిపోయింది. "రెండు రోజుల పని, ఆదివారం సాయంత్రానికి అయిపోతుంది" అని మా ఆవిడకి చెప్పాను. రెండున్నర నెలలు పట్టింది. ఆ మాట ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆలస్యమంతా బండి దగ్గరే. ముప్పై ఏళ్ల నాటి చట్రం మీద అంత బరువు మోపడానికి గట్టి చోటు వెతకడమే అసలు పని, మిగతాదంతా బోల్టులు బిగించుకోవడమే.

ముందు కాటా. నీళ్ల ట్యాంకు, డీజిల్ నింపుకుని, మేమిద్దరం కూర్చుని వేబ్రిడ్జి ఎక్కించాం. ముందు ఇరుసు మీద 2,140 కిలోలు, వెనక 4,060. అక్కడితో సరిపెట్టుకోకుండా ఒక్కో పక్క చక్రాలు విడివిడిగా కూడా తూయించాను. వెనక కుడివైపు 2,120, ఎడమవైపు 1,940. ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, బాత్రూం అన్నీ కుడివైపే ఉండటంతో 180 కిలోల తేడా. జాకీలు, పంపు, బ్రాకెట్లు, ఆయిల్, కేబుళ్లు అన్నీ కలిపి మరో 94 కిలోలు. వెనక ఇరుసు మోయగలిగే దాంట్లో ఇంకా మిగులు ఉంది కాబట్టి సరిపోయింది. అయినా ఇప్పుడు నీళ్ల ట్యాంకు సగమే నింపి బయల్దేరుతున్నాం. మీ బండి ఇప్పటికే అంచుకొచ్చి ఉంటే జాకీల మాట అక్కడే ఆపేయండి, దిమ్మలే నయం.

తర్వాత బండి కిందికి దూరాను. ఇనప బ్రష్షుతో మట్టి, పాత తారు పూత గీకి, అరకిలో సుత్తితో చట్రం పొడుగునా పది సెంటీమీటర్లకో దెబ్బ వేసుకుంటూ పోయాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట చప్పుడు మెత్తగా, తడి గోనెసంచిని కొట్టినట్టు వస్తుంది. ఖంగు, ఖంగు, ఖంగు... వెనక ఇరుసు దాటి ఒక మీటరు పోయాక దబ్ అంది. అక్కడే బండి తయారుచేసినవాళ్లు చట్రాన్ని పొడిగించారు. అసలు చట్రం మందం 6 మిల్లీమీటర్లు, అతుకేసిన ముక్క నాలుగే. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోట నీళ్లు దిగి, మధ్యలో తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, రెండు రేకుల్నీ విడదీసింది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే కాల్చిన అప్పడంలా పెళ్లలు రాలాయి.

కిట్టుతో వచ్చిన బొమ్మలో వెనక జాకీలు సరిగ్గా ఆ చోటే చూపించారు! కొత్త బండికైతే అదే మంచి చోటు కావచ్చు, చేతికి అందుతుంది, అడ్డమేమీ ఉండదు. బొమ్మ గీసినవాళ్లకి నా బండి తుప్పు తెలియదు కదా. ఇరుసుకి ముందు పెడదామంటే ఎడమవైపు డీజిల్ ట్యాంకు. చివరికి ఇరుసుకి వెనక 60 సెంటీమీటర్ల దూరంలో, అతుకు ఇంకా మొదలవని చోట, ఖంగుమనే ఇనుము దొరికింది. అయితే కుడివైపు సైలెన్సర్ పైపు సరిగ్గా అక్కడే పోతోంది. దాన్ని ఒక వంపు మార్చి, కొత్త హ్యాంగర్ వేసి, మధ్యలో వేడి తగలకుండా రేకు కట్టడానికి మూడు వారాలు. ఉబ్బిన అతుకు సంగతి కూడా వదల్లేదు. దాన్ని విప్పి, శుభ్రం చేసి, పూత వేసి, కొత్త బోల్టులతో మళ్లీ బిగించడానికి ఇంకో మూడు వారాలు. జాకీల మాట తలపెట్టకపోతే ఆ తుప్పు నాకు ఎప్పటికీ కనబడేది కాదు.

చట్రం చిల్లుల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. అడ్డుకోత చూస్తే చట్రం ఒక పక్క తెరిచిన పెట్టెలా ఉంటుంది కదా, నిలువు పలక, దానికి పైనా కిందా మడతలు. చిల్లులు నిలువు పలకలోనే వేయాలి. పై మడతకీ కింద మడతకీ డ్రిల్ తాకించకూడదు, వంపు బలమంతా అక్కడే ఉంటుంది. వెల్డింగ్ చేసేద్దాం, పది నిమిషాల పని అని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. టెంపరింగ్ చేసిన, అంటే కాచి బలం తెప్పించిన చట్రానికి వెల్డింగ్ వేడి తగిలితే ఆ పక్కన ఇనుము బలం పోతుంది, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. నేను మామూలువాటికన్నా గట్టివైన 10.9 గ్రేడు బోల్టులు వాడాను, ఒక్కో బ్రాకెట్‌కి ఆరు, పలక వెనక 10 మిల్లీమీటర్ల దన్ను ప్లేటు. బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించి, నట్టు మీదుగా తెల్ల పెయింటుతో గీత గీశాను. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక చూసుకుంటే గీత విరిగిందో లేదో తెలిసిపోతుంది. ఒకటి విరిగింది. కుడి ముందుది. మళ్లీ బిగించాను.

డ్రిల్ వేసేముందు పలక అవతల ఏముందో చేత్తో తడిమి చూసుకోండి. నాకు బ్రేక్ పైపు తగిలింది. క్లిప్పులు విప్పి పక్కకి జరిపి, మధ్యలో చెక్కముక్క దోపి అప్పుడు డ్రిల్ వేశాను.

ఎలాంటి జాకీలు అంటారా? రెండు రకాలు చూశాను. ఒకటి నిలువుగా నేరుగా దిగేది. రెండోది మామూలప్పుడు బండి కింద అడ్డంగా పడుకుని ఉండి, దిగేటప్పుడు కాలు చాపినట్టు నిలువవుతుంది. రెండోది నేలకి ఎక్కువ ఎత్తులో ఉంటుంది, కానీ తిరగడానికి చోటు కావాలి, కీలు దగ్గర మట్టి పేరుకుంటుంది. నేను నిలువువే తీసుకున్నాను. ముడుచుకున్నప్పుడు పాదం నేలకి 23 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా బ్రాకెట్ కొలుచుకున్నాను. దిగేటప్పుడు ఆయిల్ తోస్తుంది, పైకి మాత్రం రెండు పక్కలా ఉన్న స్ప్రింగులే లాగుతాయి. జాకీలోంచి దిగే రాడ్లకి గ్రీజు పూయకండి. దుమ్ము పట్టి, ఆయిల్ కారకుండా ఆపే సీలుని కోసేస్తుంది. గుడ్డతో తుడిచి పొడి సిలికాన్ స్ప్రే కొడితే చాలు.

పంపు ఎక్కడ పెట్టాలన్నది చాలామంది చివర్లో ఆలోచిస్తారు. 12 వోల్టుల మోటారు బరువు ఎత్తేటప్పుడు 120 ఆంపియర్ల దాకా లాగుతుంది. కరెంటు రానూ పోనూ 10 మీటర్ల కేబుల్ అనుకుందాం. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 0.6 వోల్టు పోతుంది. పొదుపని 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 2 వోల్టులకి పైగా పోతుంది, మోటారు మూలుగుతూ వేడెక్కుతుంది. ఆయిల్ పైపు ఇంకో రెండు మీటర్లు పెరిగినా జాకీకి పెద్దగా తెలియదు. అందుకే పంపుని బ్యాటరీ పక్కనే పెట్టి, కేబుల్ పొట్టిగా, హోస్ పొడుగ్గా తీశాను. బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఫ్యూజు. ఎత్తేటప్పుడు ఇంజను నడుస్తూ ఉంటే ఇంకా మంచిది. పాత బండితో ఒక సుఖం ఏంటంటే కంప్యూటర్ల గొడవ లేదు. హ్యాండ్‌బ్రేక్ స్విచ్ అంటే ఒక తీగ ఎర్త్ అవుతుందంతే. దాన్నే పంపుకి కరెంటు వదిలే స్విచ్‌కి, అంటే రిలేకి, కలిపాను. హ్యాండ్‌బ్రేక్ వేయకపోతే పంపు తిరగదు. ఏ జాకీ అయినా పూర్తిగా ముడుచుకోకుండా ఇగ్నిషన్ ఆన్ చేస్తే స్టీరింగు ముందు ఎర్రలైటు వెలిగి బజర్ మోగుతుంది. ఆ బజర్ చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, అలాగే ఉండాలి.

హోస్‌లు బిగించడానికి మా బావమరిది వచ్చాడు. పని మంచోడు, ఇళ్లలో నీళ్ల పైపులు వేసిన చెయ్యి. నేను ముందు జాకీల కింద ఉంటే వెనక రెండూ తనే బిగించాడు. అయిపోయింది. ట్యాంకులో ఎర్ర ఆయిల్ పోశాం. మా పంపుకి చెప్పింది ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఏటీఎఫ్. పొరపాటున కూడా బ్రేక్ ఆయిల్ పోయకూడదు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి. స్విచ్ నొక్కితే గుర్ గుర్ మంటూ జాకీలు దిగాయి. పైపుల్లో గాలి ఉంది కదా, ఎగుడుదిగుడుగా, వణుకుతూ. ట్యాంకులో ఆయిల్ తగ్గింది. నేను 22 ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి, నింపేశాను, నిండా. తర్వాత జాకీలు పైకి లేపాను.

నాలుగు సిలిండర్లలో ఉన్న ఆయిలంతా తిరిగి ఎక్కడికి రావాలి? ట్యాంకులోకే. మూత దగ్గర్నుంచి ఎర్రగా బుగబుగ పొంగి, పంపు మీదుగా, బ్యాటరీ మీదుగా, నా చెప్పుల మీదుగా పారింది. మా ఆవిడ కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు, పాత తువ్వాళ్లు విసిరింది. జాకీలన్నీ పూర్తిగా ముడుచుకున్నాకే ఆయిల్ లెవెల్ చూడాలి, అప్పుడే పోయాలి. షాపులో కుర్రాళ్లకి నేనే వెయ్యిసార్లు చెప్పిన మాట. నాలుగైదుసార్లు పూర్తిగా దించి లేపాక గాలి పోయి కదలిక నున్నబడింది.

అసలు ఎత్తడం మర్నాడు పొద్దున. ఉత్సాహం ఆగక కుడి వెనక మూల ఒక్కటే నొక్కాను, ఎంత బలంగా లేస్తుందో చూద్దామని. లేచింది. గుమ్మం దగ్గర కిర్రుమంది. లోపల్నుంచి, "ఏమండీ, తలుపు రావట్లేదు" అని వినబడింది. బాత్రూంలో ఉంది తను. ఒక మూలే లేవడంతో చట్రం మెలిపడి, దాని మీద గది మెలిపడి, తలుపు చౌకట్లో బిగుసుకుపోయింది. గబగబా దించేశాను, తలుపు వచ్చింది, తనూ వచ్చింది. నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను. చట్రం మెలిపడితే ముందు అద్దం కూడా పగలొచ్చు. అప్పటి నుంచీ ఏ మూలనీ విడిగా ముట్టుకోలేదు. ఎప్పుడూ జతగానే, ముందు రెండూ, లేదా వెనక రెండూ, లేదా ఒక పక్క రెండూ. పక్కవాటు సరిచేశాక ముందువెనకలు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. వెనక చక్రాలు నేల వదలకూడదు. ఇది ఊరికే జాగ్రత్త కోసం చెప్పే మాటనుకునేవాణ్ణి. మా బండికి హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర లేదు, గేర్‌బాక్స్ వెనక, వెనక ఇరుసుని తిప్పే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉంది. పని జరుగుతున్న రోజుల్లో వెనక ఇరుసు గట్టి స్టాండ్ల మీద ఉన్నప్పుడు మా బావమరిదిని పిలిచి చూపించాను. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి ఉంది. ఎడమ చక్రం చేత్తో పట్టుకుని తిప్పాను. హాయిగా తిరిగింది. అవతల కుడి చక్రం వెనక్కి తిరిగింది. "బావా, బ్రేక్ పనిచేయట్లేదా?" అన్నాడు. పనిచేస్తోంది, షాఫ్ట్ రవ్వంత కూడా కదల్లేదు. వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండు, డిఫరెన్షియల్, పనే అది, షాఫ్ట్ నిలబడితే ఒక చక్రం ముందుకీ రెండోది వెనక్కీ తిరగనిస్తుంది. అంటే జాకీతో ఒక్క వెనక చక్రం గాల్లోకి లేచినా చాలు, నేల మీదున్న రెండో చక్రానికి ఇక బ్రేక్ లేనట్టే. ఆటోమేటిక్ గేరుని 'పార్క్' స్థానంలో పెట్టినా అంతే, అది పట్టుకునేదీ షాఫ్టునే. అప్పుడు ఆరు టన్నుల బండి సన్నటి నాలుగు రాడ్ల మీద నిలబడి ఉంటుంది, చిన్న వాలు చాలు దొర్లడానికి. బ్రేక్ చక్రాల దగ్గరే ఉన్న బండ్లలోనూ అది సాధారణంగా వెనక చక్రాలకే ఉంటుంది, రెండూ లేస్తే అదే కథ.

కాబట్టి వాలుగా ఉన్న చోట బండి ముక్కు పల్లం వైపు ఉండేలా ఆపుతాను. అప్పుడు ఎత్తాల్సింది ముందు భాగం, వెనక చక్రాలు నేలనే ఉంటాయి. జాకీ తాకకముందే వెనక చక్రాలకి అటూ ఇటూ చెక్క అడ్డాలు. మరీ వాలుంటే ఇంకో చోటు వెతుక్కుంటాం, లేదా పాత దిమ్మలు ఇంకా ఉన్నాయి, ముందు వాటి మీదికి ఎక్కించి మిగిలింది జాకీలతో సర్దుతాను. ఇంకోటి, ఈ జాకీల మీద బండిని నిలబెట్టి కిందికి దూరకండి. ఒక హోస్ పగిలితే బండి మీదికి దిగిపోతుంది. కింద పనుంటే స్టాండ్లే. టైరు మార్చడానికి కూడా నేను వీటిని వాడను.

మొదటి వారం అంతా బాగుంది. రెండో వారం నుంచి తెల్లారేసరికి కుడి వెనక మూల 3 సెంటీమీటర్లు దిగిపోతోంది. తలుపు మళ్లీ మొరాయింపు. రాత్రి చల్లబడితే ఆయిల్ కుంచించుకుని కొంచెం దిగడం మామూలే. 20 డిగ్రీలు చల్లబడితే 30 సెంటీమీటర్ల ఆయిల్ స్తంభం 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అదీ నాలుగు మూలలా కలిసే దిగుతుంది. ఒక్క మూల 3 సెంటీమీటర్లంటే అది చలి పని కాదు. జాకీ చుట్టూ ఎక్కడా తడి లేదు, అంటే ఆయిల్ బయటికి కాక, దాన్ని జాకీలో ఆపి ఉంచాల్సిన వాల్వులోంచి వెనక్కి పోతోంది.

పంపు మీది ఆ వాల్వు విప్పి, తెల్ల గుడ్డ మీద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. వాల్వు కూర్చునే అంచు మీద తెల్లటి పోగు ఒకటి. గోటి చివర అంత కూడా లేదు. పట్టకారుతో తీస్తే సాగింది. టెఫ్లాన్ టేపు. బావమరిదికి ఫోన్ చేశాను. "నీళ్ల పైపులకి చుట్టినట్టే చుట్టాను బావా, లీకవకూడదని నాలుగు చుట్లు ఎక్కువే వేశాను" అన్నాడు గర్వంగా. పాపం, తప్పు నాదే, ముందు చెప్పలేదు. ఈ ఫిట్టింగులు మరలతో సీలవ్వవు. చివర 37 డిగ్రీల కోసుగా ఉన్న మొన, అలాంటి గుంటలో ఇనుముకి ఇనుమే ఆని కూర్చుంటుంది. టేపు అక్కర్లేదు. చుడితే బిగించేటప్పుడు పోగులు తెగి ఆయిల్లో పడతాయి, 200 బార్ల దగ్గర అవి వెళ్లి కూర్చునేది వాల్వులోనే. వెనక రెండు హోస్‌లూ విప్పి, టేపంతా గీకి, కడిగి, ఆయిల్ పారబోసి కొత్తది పోశాం. తను వచ్చి సాయం చేశాడు. ఈసారి టేపు ఇంట్లో పెట్టి వచ్చాడు.

పాదాల కింద చెక్క పెట్టడం మర్చిపోకండి. 25 సెంటీమీటర్ల గుండ్రటి పాదం మీద 2 టన్నులు పడితే చదరపు సెంటీమీటరుకి 4 కిలోలు, వాన కురిసిన నేలలో అది దిగబడుతూనే ఉంటుంది. అదే 45 సెంటీమీటర్ల చదరపు మందపాటి ప్లైవుడ్ వేస్తే ఒక కిలో. నేను ఒక్కో పలకకి మూలన చిల్లు వేసి తాడు కట్టాను, వంగకుండా లాగేసుకోవచ్చు. నడుంకి మేలు.

లెవెల్ చూసే మీటరుకి సున్నా ఎక్కడ పెట్టాలనే విషయంలో మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. డ్రైవర్ సీటు పక్కన నేల మీద రసమట్టం పెట్టి సున్నా పెట్టాను. తను ఫ్రిజ్ తెరిచి ఫ్రీజర్ అడుగున పెట్టి చూసి, "ఇక్కడ లేదండీ" అంది. నిజమే. ముప్పై ఏళ్లలో నేల ఒక చోట కుంగింది, ఫ్రిజ్ ఒక పక్కకి కూర్చుంది, మంచం ఇంకో రకం. ఈ బండిలో ఏ రెండు చోట్లా ఒకే మట్టం లేదు. ఫ్రీజర్ అడుగునే ప్రమాణంగా తీసుకుని సున్నా అక్కడ పెట్టాం. పొయ్యి మీద పెనంలో నూనె ఇప్పటికీ కొంచెం కిటికీ వైపు జారుతుంది. మా ఆవిడ అట్టు తిప్పుతూ సర్దుకుంటోంది.

ఇప్పుడు ఆపిన చోట మూడు నాలుగు నిమిషాల్లో పనైపోతుంది. అడ్డాలు, పలకలు, స్విచ్. బాత్రూం తలుపు సగం తెరిచి వదిలితే సగంలోనే నిలబడుతోంది. గొళ్లెం మాత్రం ఇంకా పడదు. ఇక మిగిలింది ఎడమ ముందు జాకీ. చలి పొద్దుల్లో ఆయిల్ చిక్కబడి అది మిగతావాటికన్నా అర నిమిషం ఆలస్యంగా ముడుచుకుంటుంది. అందాకా బజర్ మోగుతూ ఉంటే మేం కదలం. స్ప్రింగు మార్చాలో, రాడ్డు ఎక్కడైనా వంగిందో ఈ వారం విప్పి చూస్తాను. ఒక్క రోజు పని అని చెప్పాను. "తేదీ కూడా చెప్పండి, రాసి పెట్టుకుంటాను" అంది.